ఎండలో చెప్పిన భారతం

మా నాన్న తన జన్మలో కీచకుణ్ణి ఎన్నిసార్లు చంపాడో ఎవరూ లెక్కపెట్టలేదు. నౌపడ ఉప్పుమడుల దగ్గర కూలీల ముందు చంపాడు. శ్రీకాకుళంలో ఉద్యోగస్తుల కాలనీలో, మిద్దె మీద కుర్చీలు వేయించుకుని విన్నవాళ్ల ముందు చంపాడు. సముద్రం ఒడ్డున వలలు ఆరేసుకున్నవాళ్ల మధ్య చంపాడు. భారతం చెప్పేవాళ్లు మా జిల్లాలో ఇంకా కొందరున్నారు గానీ, కీచకుణ్ణి చంపడంలో మాత్రం ఆయన చెయ్యే చెయ్యి అని పేరు. భీముడు కీచకుడి వీపు మీద మోకాలు మోపి మెడ వెనక్కి విరిచేచోట నాన్న తన కండువాని రెండు చేతులా మెలితిప్పేవాడు. ఆ గుడ్డ కిర్రుమన్నప్పుడు మగవాళ్లు కూడా మెడలు తడుముకునేవారు.

కథ తెలియనివాళ్లుండరు గానీ ఒక్క మాటలో చెబుతాను. పాండవులు మారువేషాల్లో విరాటుడి కొలువులో దాక్కున్న ఏడాది అది. ద్రౌపది సైరంధ్రి పేరుతో రాణిగారికి జడలు వేసే పనిలో ఉంటుంది. రాణిగారి తమ్ముడు కీచకుడు ఆమె వెంటపడతాడు. ఆమె తప్పించుకుని సభలోకి పరిగెడితే, నిండు కొలువులో జుట్టు పట్టి ఈడ్చి తంతాడు. రాజు చూస్తూ కూర్చుంటాడు. కొలువంతా చూస్తూ కూర్చుంటుంది. మారువేషంలో ఉన్న మొగుడు ధర్మరాజు కూడా అక్కడే కూర్చుని, లోపలికి పొమ్మంటాడు. ఆ తర్వాత భీముడు ఆ కీచకుణ్ణి చంపుతాడు.

అక్కడికొచ్చేసరికి నాన్న కథ ఆపి జనాన్ని అడిగేవాడు. "ఆడదాని జుట్టట్టుకున్నోడు బతికి బట్టకట్టినట్టు భారతంలో ఎక్కడన్నా ఉన్నాదా? సెప్పండి!" "నేదు" అని జనం అరిచేవారు. ఆడవాళ్లు కళ్లొత్తుకునేవారు. నేను మా అమ్మ వైపు చూసేదాన్ని. అమ్మకి ఎడమ చెవి పైన అరచెయ్యంత మేర జుట్టు మొలవదు. అక్కడి జుట్టు కుదుళ్లతో సహా పీకింది నాన్నే. అప్పుడు నేను మూడో తరగతి.

తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అంటారు. చెప్పేవాడి ఇంట్లో కాపురమున్నవాళ్లని అడిగి చూడండి ఆ సామెత సంగతి.

ఆయన తాగి కొట్టేవాడు కాదు. తాగుడు మా ఇంట లేదు. కొట్టే ముందు చేతి గడియారం విప్పి కిటికీలో పెట్టేవాడు, అద్దం పగులుతుందని. అమ్మ జుట్టుని మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకునేవాడు. అమ్మ నోట కేక వస్తే, మెల్లగా, దాదాపు ముద్దుగా అనేవాడు. "అరు. అరూ. ఎవులొస్తారో నానూ సూస్తాను." ఎవరూ వచ్చేవారు కాదు. మాది వరస ఇళ్ల వీధి, ఒకే గోడకి రెండేసి ఇళ్లు. పక్కింట్లో రేడియో గొంతు పెరిగేది, అంతే. అయిపోయాక ఆయన గడియారం పెట్టుకుని అన్నం పెట్టమనేవాడు. అమ్మ పెట్టేది.

అమ్మకంటూ ఉన్నది ఒక్కటే, ఆ కుడిచెయ్యి. మాది పొందూరు దగ్గర పల్లె. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, రాట్నం మీద సన్ననూలు తీసే ఆడవాళ్లు మా వీధిలో ఇంకా నలుగురైదుగురు మిగిలారు. వాళ్లలో అమ్మ నూలే సన్నం. నేతగాళ్లు ఆ నూలుని వెలుతురుకి పెట్టి చూసి, ఇది ఫలానావిడ చేతిదని గుర్తుపట్టేవారు. రాట్నం ముందు కూర్చున్నంతసేపూ నాన్న ఆమె జోలికి వెళ్లేవాడు కాదు. ఎందుకో నాకు తెలియదు. రోజూ ఆ రెండు గంటలసేపూ అమ్మ మొహం వేరేగా ఉండేది.

నేను టీచరునయ్యాను. బస్సెక్కి బడికి వెళ్లి, పిల్లల్ని కొట్టకూడదని తల్లిదండ్రులకి మీటింగుల్లో ఉపన్యాసాలిచ్చి, సాయంత్రం ఇంటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడేదాన్ని. కొడుతుంటే అడ్డుపడలేదా అని అడుగుతారేమో. చిన్నప్పుడు రెండుసార్లు పడ్డాను. రెండుసార్లూ అమ్మకి దెబ్బలు ఎక్కువయ్యాయి. తర్వాత నిలబడి చూడటం అలవాటైంది.

ఆ ఏడు మృగశిర వెళ్లిపోయింది, ఆరుద్ర వెళ్లిపోయింది, చినుకు లేదు. నారుమళ్లు పసుపు తిరిగాయి. ఊళ్లో విరాటపర్వం చెప్పించాలన్నారు. విరాటపర్వం చెబితే వాన పడుతుందని నమ్మకం అన్ని చోట్లా ఉంది గానీ, మా ఊరి పద్ధతి కాస్త మొండిది. వాన కోసం చెప్పే భారతానికి పందిరి వెయ్యరు. తొమ్మిది పొద్దులు, ఎండెక్కే వేళ, రామకోవెల ముందు ఇసకలో చెప్పేవాడు చెప్పుల్లేకుండా నిలబడాలి. నాలుగోనాడు కీచకుడి కథ. కీచకుడు సైరంధ్రిని తన్నిన మాట నోట వచ్చాక, వాడు చచ్చేదాకా కథ ఆపకూడదు. చెప్పేవాడు మంచినీళ్లు తాగకూడదు, వినేవాడు లేవకూడదు. కీచకుణ్ణి బతికుండగా వదిలేసి జనం ఇళ్లకి పోతే వాడు ఏదో ఒక ఇంట్లో దూరతాడని మా ముసలివాళ్లు చెబుతారు.

నాన్నకి బెంగ పట్టుకుంది. సొంతూళ్లో చెప్పి చాలాకాలమైంది. పద్యం ఎత్తుకుంటే కుర్రాళ్లు ఫోన్లు తీస్తున్నారు. ఒకరోజు నా పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనంత మెత్తగా అడిగాడు.

"అమ్మీ, ఇప్పటోలికి తెలిసేలాగ రాసిపెట్టీ. పద్యాలొద్దు. మన ఊరిమాటలోనే రాయి. ఈల సెల్లుఫోన్లు జోబుల్లోకి ఎలిపోవాల."

నాకు గర్వంగా అనిపించింది. నిజం చెప్పాలి కదా. కొట్టే మనిషే అయినా తండ్రి వచ్చి నీ చదువు కావాలంటే గర్వంగానే ఉంటుంది. బడిలో భోజనాల బెల్లు కొట్టాక, పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాస్తూ పోయాను. సైరంధ్రి వచ్చింది, రాణిగారొచ్చింది, కొలువు వచ్చింది. కీచకుడి దగ్గర కలం ఆగింది. ఆడదాన్ని కొట్టబోయే మగవాడు ముందు ఏం చేస్తాడు? ఏమంటాడు? వెతుక్కోవలసిన పనే లేకపోయింది. కీచకుడి చేత కంకణం విప్పించి కిటికీలో పెట్టించాను, రాళ్లు రాలిపోతాయని. సైరంధ్రి జుట్టుని మణికట్టుకి మూడు చుట్లు చుట్టించాను. "అరు. అరూ. ఎవులొస్తారో నానూ సూస్తాను" అనిపించాను. రాస్తుంటే ఆకలి కూడా తెలియలేదు.

రాసింది నా గొంతుతో చదివి ఫోన్లో రికార్డు చేసి ఇచ్చాను. ఆయన చెవుల్లో వైర్లు పెట్టుకుని గట్ల మీద తిరుగుతూ నేర్చుకున్నాడు. మూడోరోజు పరుగున వచ్చాడు.

"ఇదిగో, కీసకుడంటే ఇలాగుండాల! ఎదవ అంటే ఇలాగుంటాడు. ఎక్కడట్టేవే ఈణ్ణి?"

"ఊహించాను నాన్నా" అన్నాను.

ఆయన పోల్చుకోలేదు. నాకు నవ్వొచ్చింది. జనం ముందు చెబుతున్నప్పుడు ఎక్కడో గుచ్చుకుంటుంది, సిగ్గుపడతాడు, ఇంటికొచ్చి అమ్మ మొహం చూడలేడు, అనుకున్నాను. ఇరవయ్యేడేళ్లొచ్చి, రోజూ నలభైమంది పిల్లలకి పాఠాలు చెప్పేదాని బుద్ధి అది. అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మకి చదువు రాదు, రికార్డు వినిపించే వైర్లు ఆయన చెవుల్లోనే ఉన్నాయి.

నాలుగోనాడు ఇసక పొద్దున్నే కాలింది. నాన్న పంచె బిగించి, కుడికాలికి గజ్జె కట్టి, మైకు ముందు నిలబడ్డాడు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో అమ్మ, ఒళ్లో ఇత్తడిచెంబు నిండా నీళ్లతో. కీచకుడు చచ్చాక చెప్పినవాడికి మొదటి నీళ్లు పెళ్లామే ఇవ్వాలి. అమ్మ పక్కన పెద్దమ్మ. ఆవిడ నాన్నకి వదిన, మాకూ ఆవిడకీ ఒకటే గోడ.

ఎంత బాగా చెప్పాడో! నేను రాసిన మాటలు ఆయన గొంతులో పడి లేచి నడిచాయి. కుర్రాళ్లు ఫోన్లు దించారు. సైరంధ్రి పరిగెత్తుకుంటూ కొలువులోకి వచ్చింది. కీచకుడు వెనకే వచ్చాడు, కంకణం విప్పాడు, కిటికీలో పెట్టాడు. నాన్న గాలిలో జుట్టు దొరకబుచ్చుకుని మణికట్టుకి చుట్టుకున్నాడు, ఒకటి, రెండు, మూడు. ఆ చేతికి అలవాటున్న పని కదా, తడుముకోకుండా చుట్టుకుంది. కాలెత్తి ఇసక మీద తన్నాడు. తర్వాత తల వంచి, మెల్లగా, దాదాపు ముద్దుగా, మైకులో అన్నాడు.

"అరు. అరూ. ఎవులొస్తారో నానూ సూస్తాను."

మగవాళ్ల వైపు నుంచి చప్పట్లు వచ్చాయి. ఆడవాళ్ల వైపు చడీచప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో పెద్దమ్మ మైకు అక్కర్లేని గొంతుతో అంది.

"ఓ మరిదీ, అది కీసకుడి మాటేటి? మా గోడకి ముప్పయ్యేళ్ల బట్టీ ఇనిపిస్తన్న మాటే కదా!"

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆడవాళ్లందరికీ పాకింది, మగవాళ్లలో కొందరికీ పాకింది. నవ్వు ఆగాక మిగిలింది ఇంకా ఘోరంగా ఉంది. అందరూ నాన్నని చూస్తున్నారు. నాన్న తన మణికట్టుని చూసుకున్నాడు. తర్వాత జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తర్వాత అమ్మని చూశాడు. అమ్మ చెంబు గట్టిగా పట్టుకుని తల దించుకుంది.

ఆయన మైకు వదిలి ఒకడుగు వెనక్కి వేశాడు. రామకోవెల మెట్ల మీద కూర్చున్న ఊరిపెద్ద చెయ్యెత్తాడు.

"ఆపకూడదు. తన్నీసినాడు కదా, సచ్చీదాకా సెప్పాల. కానీ."

కానిచ్చాడు. తన మాటలే మాట్లాడిన కీచకుణ్ణి, తన వీధివాళ్ల ముందు, గుక్కెడు నీళ్లు లేకుండా చంపాడు. భీముడు గొంతు నొక్కాడు. గుండెల మీద కూర్చుని డొక్కలు విరిచాడు. కాళ్లు మడిచి కడుపులోకి కుక్కాడు, చేతులు మడిచి కుక్కాడు, తలని భుజాల మధ్యకి గుద్ది గుద్ది దించాడు. మనిషన్న గుర్తు లేకుండా చోడిపిండి ముద్దలా చేశాడు. నాన్న గొంతు బొంగురుపోయింది. చెమటకి పంచె ఒంటికి అతుక్కుపోయింది. ఎన్నడూ లేనిది ఆవేళ కండువా మెలితిప్పలేదు, వట్టిచేతులతోనే చంపాడు. ప్రతి గుద్దుకీ ఆడవాళ్ల వైపు నుంచి "ఇంకొకటి" అని వినిపించింది. మొదట ఒక గొంతు, తర్వాత పది. నేనూ అన్నాను. నా నోటితో, నలుగురిలో, "ఇంకొకటి" అన్నాను. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

కీచకుడు చచ్చాడు. అమ్మ లేచి చెంబు పట్టుకెళ్లింది. నాన్న తీసుకోలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఇంటివైపు నడిచాడు.

నేను అమ్మని ఆపొచ్చు. పెద్దమ్మ ఇంట్లో కూర్చోబెట్టొచ్చు. అప్పుడే బస్సెక్కించి తీసుకుపోవచ్చు. ఇవన్నీ తర్వాత తోచాయి. అమ్మ చెంబు కడిగి, "అన్నం ఏళయిందే" అని ఇంటికి బయలుదేరితే వెనకే వెళ్లాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, ఆ పిల్లిని నేనే.

మేం గడప దాటేసరికి గడియారం కిటికీలో ఉంది.

ఆయన నా వంక చూడలేదు. జీతమొచ్చే కూతురు, చదువుకున్న కూతురు. నన్ను ముట్టుకోలేదు. అమ్మని జుట్టు పట్టి వంటింట్లోకి ఈడ్చాడు.

"కూతురి సేత రాయిస్తావా నన్ను? ఊరందరి ముందరా నన్ను సంపిస్తావా?"

"నాకేటీ తెల్దు, నీ కాల్లట్టుకుంటాను, నాకేటీ తెల్దు" అంటోంది అమ్మ. నిజంగానే ఆమెకేమీ తెలియదు. రాసింది నేను. 'నేను రాశాను, నన్ను కొట్టు' అని ఆ గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా.

ఆయన అమ్మ కుడిచెయ్యి పట్టి సన్నికల్లు మీద పరిచాడు. మోచెయ్యి మీద మోకాలు వేసి నొక్కాడు. పొత్రం ఎత్తి వేళ్ల మీద దించాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. రెండోసారి దించినప్పుడు ఆ చప్పుడు కూడా రాలేదు. అమ్మ అరవలేదు. అరవకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది. సన్నికల్లు మీద పొద్దుటి పచ్చడి పసుపులో నెత్తురు కలిసి అంచుదాకా పారింది. బొటనవేలు వెనక్కి తిరిగి ఉంది. ఆయన లేచి, కిటికీ దగ్గరికెళ్లి గడియారం పెట్టుకున్నాడు. ఈసారి అన్నం అడగలేదు.

నేను గుమ్మం పట్టుకుని అంతా చూశాను. మొదటి నుంచి చివరిదాకా. ఇంతదూరం రాసింది ఈ మాట ఒప్పుకోవడానికే.

ఆటోలో శ్రీకాకుళం వచ్చేసరికి మూడైంది. అమ్మ చేతికి చుట్టిన చీరకొంగు ఎర్రగా తడిసి బరువెక్కింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కుర్రపిల్ల, నా వయసే ఉంటుంది. "ఎలా తగిలిందమ్మా?" అంది. ఈ ప్రశ్నకి అమ్మ దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నూతి దగ్గర జారింది, దూడ పొడిచింది, అటక మీంచి బిందె పడింది. అన్నీ నాకు కంఠతా వచ్చు. ఏది చెబుతుందా అని చూస్తున్నాను.

"నా పెనిమిటి" అంది అమ్మ. "సన్నికల్లు మీదెట్టి పొత్రంతో గుద్దీసినాడు. రాసుకో."

కట్టు కట్టారు. రెండు వేళ్లు దక్కవేమో, ఆపరేషన్ చేసి చూస్తామన్నారు. ఇలాంటి దెబ్బలకి ఆసుపత్రిలోనే పోలీసులు వచ్చి రాసుకుంటారు. వరండా చివర బల్ల దగ్గర హెడ్డు కానిస్టేబులుగారు రిజిస్టరు తెరిచాడు. నాన్న పేరు, ఊరు వినగానే తలెత్తాడు.

"భారతం సెప్పీ ఆయనా? మా ఊరు కూడా వచ్చేరు. ఏటి సెప్తారండీ!"

అమ్మ చెప్పిందంతా రాసుకుని నావైపు తిరిగాడు. చెడ్డమనిషి కాదు. కలం పక్కన పెట్టి, నా మంచికే అన్నట్టు చెప్పాడు.

"మీరు టీచరు. మీరు సూసేనంటే కేసు నిలబడతాది. కోర్టుకి రావాల. నాన్నగారిని లోపలేస్తారు. ఊల్లో వానకతకి ఇంకా అయిదు పొద్దులున్నాయంట కదా. ఆలోసించుకోండి. మీరు సూసేరా?"

నా కళ్ల ముందు ఊరు కనబడింది. బడి కనబడింది. తండ్రిని జైల్లో పెట్టించిన టీచరు. నాన్న లేని మైకు, ఎండిన నారుమళ్లు, అందరి వేళ్లూ నావైపు.

"నేను వీధిలో ఉన్నానండీ" అన్నాను. "చూడలేదు."

ఆయన తల ఊపి రిజిస్టరు మూశాడు. అమ్మ నావైపు చూడలేదు. లేచి, కట్టుకట్టిన చేతిని ఎడమచేత్తో పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని, వరండాలో ఈవలి చివర బెంచీ మీదికెళ్లి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నొప్పికి అమ్మ పెదవులు తెల్లబడ్డాయి. తర్వాత అడిగింది, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"కతలో ఎంత బాగా సూసేవే! కంకణం ఇప్పడం కాడ్నించి, మూడు సుట్లు సుట్టడం కాడ్నించి, ఒక్కటీ ఒగ్గలేదు. ఇక్కడ కనబడనేదా నీకు?"

నేను ఆమె చేతి కట్టు వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఆ కొలువులో అందరూ కూకున్నారన్నావు. రాజు కూకున్నాడన్నావు, మొగుడు కూకున్నాడన్నావు. నివ్వు ఎక్కడ కూకున్నావో అది రాయనేదు."

అమ్మ కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంది. నేను ఏడ్చాను. ఏడుపు వల్ల ఒరిగేదేమీ లేదని తెలిసి, మొహం తుడుచుకుని లేచాను. వరండా చివరికి నడిచాను. హెడ్డుగారు టీ తాగుతున్నాడు.

"నేను చూశాను" అన్నాను. "గుమ్మంలో ఉండి అంతా చూశాను. ఇందాక అబద్ధం చెప్పాను, అది కూడా రాసుకోండి."

ఆయన గ్లాసు దించి నన్ను ఎగాదిగా చూశాడు. రిజిస్టరు మళ్లీ తెరిచాడు.

"సరే. ఇయ్యాల మజ్జాన్నం ఏటి జరిగిందో సెప్పండి, సాలు."

"చాలదండీ. ఇవాళ్టితో మొదలవలేదు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు అయిదేళ్లు."

"నాలుగు" అంది అమ్మ, బెంచీ మీద నుంచే, కళ్లు తెరవకుండా.

నాలుగు అని మార్చి చెప్పాను. ఆయన రాసుకున్నాడు.